జానీబీ తొక్కిన బ్రేకులు

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటే ఒక పనైపోతుంది. ఇంట్లో ట్రాక్టరు ఉన్నవాడికి ఆయిలు డబ్బా కనబడితే చెయ్యి ఊరుకోదు. మా పాత బెంజి కారులో బ్రేకు ఆయిలు తగ్గినట్టుంటే, ట్రాక్టరు హైడ్రాలిక్‌కి వాడే ఆయిలు కాస్త మిగిలిందని తెచ్చి అందులో పోశాను. ఏ ఆయిలైతేనేం అనుకున్నాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన ప్రసన్నకుమార్ మాస్టారి తెలివి అది.

కారు తొంభై ఎనిమిది నాటిది. తుళ్లూరులో రాజధాని భూముల సందడి మొదలైనప్పుడు ఒకాయన దాన్ని పాతదే మోజుపడి కొని, మోజు తీరాక నాకు అంటగట్టాడు. మా నాన్న జక్రయ్య మిరప కల్లాల్లో కూలి చేసిన మనిషి. ఆ మెత్తటి సీట్లో కూర్చుంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది, ఎవరేమనుకుంటే నాకేం.

ఆయిలు పోసిన కొద్ది రోజులకే బ్రేకులు పట్టెయ్యడం మొదలైంది. పెడల్ మీద కాలు తీసినా చక్రాలను వదిలేవి కావు. దిగి చూస్తే చక్రాల దగ్గర సెగ, కమురు వాసన. గుంటూరులో రెండు షెడ్లవాళ్లు ప్యాడ్లు మార్చి పంపేశారు. మూడో ఆయన మాత్రం తన వల్ల కాదని నిజం చెప్పాడు.

"నల్లపాడులో సిలార్ దగ్గరికి పోండి. కాకపోతే ఆయన బ్రేకులు ముట్టుకోవటం మానేశాడు."

సిలార్ షెడ్డు నల్లపాడు స్టేషనుకు పోయే దారిలో ఉంది. ఒకప్పుడు బ్రేకుల సిలార్ అంటే తెలియని డ్రైవరు లేడు. నేను వెళ్లేసరికి ఆటో సైలెన్సరుకు వెల్డింగు చేస్తున్నాడు.

"రెండేళ్లయింది మాస్టారూ, బ్రేకులు చెయ్యట్లేదు" అన్నాడు తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. "చెయ్యకపోతే పోయె. రోగమేందో అయినా చెప్పవయ్యా" అన్నాను.

ఆ మాటకు ఆగలేకపోయాడు. బానెట్ ఎత్తి, సిరంజితో కొంచెం ఆయిలు లాగి, గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వదిలాడు. బ్రేకు ఆయిలైతే నీళ్లలో కలిసిపోవాలి. ఇది పైన తెట్టులా తేలింది.

"ఎవరు పోశారు దీన్ని?"

నేను నేల చూశాను.

"లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోయుంటయ్. రబ్బరనేది ఎక్కడుంటే అక్కడ మార్చాల. అదేం పెద్ద పని కాదు. ఆ తర్వాత ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలిగా, అదే ఇబ్బంది."

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపడితే, ఇంకొకరు చక్రం పక్కన పడుకుని చిన్న నట్టు వదులుచేసి, దానికి తొడిగిన గొట్టంలోంచి ఆయిలుతోపాటు బుడగలు సీసాలోకి పోనిచ్చి, మళ్లీ బిగించాలి. ముప్పై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్నది సిలార్ భార్య జానీబీ. వెనకే ఇల్లు. పొయ్యి మీద అన్నం దించి వచ్చి వట్టి కాలితో తొక్కేది. "ఇంకా మెత్తగానే ఉందయ్యా" అంటే గాలి ఉన్నట్టు. "చాల్లే, ఇక రా" అంటే అయిపోయినట్టు. ఆ మాట మీదే సిలార్ బండి పంపేసేవాడు. తాను తొక్కి చూసుకున్నది ఏనాడూ లేదు. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి, వారం తిరక్కుండా ఆమె పోయింది.

"ఆవిడ చాల్లే అనకపోతే బాగైందని నాకు నమ్మకం కుదరట్లా మాస్టారూ. మనుషులు ఎక్కే బండ్లు" అన్నాడు.

"నేను తొక్కుతా. నా కారేగా, పోతే నేనే పోతా" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

సామాన్లు రావడానికి పది రోజులు పట్టింది. అన్నీ విప్పి, కడిగి, కొత్తవి బిగించి, నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. తాను వెనక చక్రం దగ్గర పడుకున్నాడు. అతను నట్టు బిగించకముందే నేను రెండుసార్లు కాలు ఎత్తేశాను. పోయిన గాలి మళ్లీ లోపలికొచ్చింది. మెత్తగా ఉందా అని అడిగితే, ఉన్నట్టే ఉందన్నాను.

"ఉన్నట్టే అంటే ఏంది మాస్టారూ?" అని కింద నుంచి కసిరి, లేచి వచ్చాడు. "మీరు దిగండి. నేను ఇప్పమన్నప్పుడు ఇప్పండి, బిగించమన్నప్పుడు బిగించండి. అదన్నా మీ వల్ల అవుద్ది."

అరవై రెండేళ్ల వయసులో తెల్ల చొక్కాతో మట్టిలో పడుకున్నాను. సిలార్ సీటెక్కడానికి చాలాసేపు పట్టింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నాలుగు చక్రాలూ తిరిగాం. చివరిదాని దగ్గర గొట్టంలో బుడగలు పలచబడి, ఆగిపోయాయి. ఆయిలు తేటగా వస్తోంది. నట్టు బిగించి, గాలి లేదని కేకేసి చెప్పాను.

అతను ఇంకో రెండుసార్లు పెడల్ తొక్కి చూశాడు. నెమ్మదిగా అన్నాడు. "బాగైంది మాస్టారూ. నాకే తెలుస్తావుంది. గట్టిగా ఎదురొస్తంది కాలికి."

"మరింకేం" అన్నాను.

"ఇన్నేళ్లూ నేను కిందే పడుకున్నా. ఆవిడ కాలికి ఎట్టా తెలిసేదో ఒక్కసారన్నా అడగలా."

నేను గొట్టం లాగెయ్యబోయాను.

"ఇంకోసారి ఇప్పండి" అన్నాడు.

ఇప్పాను. తేట ఆయిలే వచ్చింది. బిగించాను. మళ్లీ ఇప్పమన్నాడు. మధ్యలో దిగి ఆయిలు పోసి, నా వైపు చూడకుండా మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. కొత్త డబ్బాలో సగం అలాగే సీసాలోకి పోయింది. అతను తొక్కుతూనే ఉన్నాడు. నేను ఆపమనలేదు.