గుంటకొండ బల్లి

నూకరాజు దేశ రాజధానిలోని మునిర్కాలో ఒంటిగది అద్దెకు తీసుకుని ఆరేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. తూర్పు కనుమల్లో, రోడ్డు లేని గుంటకొండ మీద, రాతి నెర్రెల్లో మాత్రమే బతికే పసుపు చారల బల్లిని మొదట గుర్తించింది అతనే. అరుదైన జీవుల్ని పట్టి అమ్ముకునేవాళ్లు వాలిపోతారు, చోటు దాచమని తోటివాళ్లు చెప్పారు. పరిశోధన పక్కాగా ఉండాలని నూకరాజు ఏ బండ కింద దొరికిందో మ్యాపుతో సహా తన వ్యాసంలో అచ్చు వేయించాడు.

ఆ వ్యాసానికి బహుమతి వచ్చిందని ల్యాబ్‌లో లడ్డూలు పంచుతున్న సాయంత్రం లింగన్న ఫోన్ చేశాడు. కొండ మీద అతనికి దారి చూపిన మనిషి లింగన్నే.

"బాబూ, మీ శిష్యులొచ్చి ఎల్లారు. మీ మ్యాపు తెచ్చారు. మీ పేరు చెప్పారని కోడిని కోసి పెట్టినాం."

నూకరాజుకు శిష్యులెవరూ లేరు.

"బల్లుల్ని ఏం చేశారు?"

"డబ్బాల్లో ఏసుకున్నారు. అవి లోపలికి దూరిపోతంటే గడ్డపార్లతో బండలు పెకలించినాం. నేనూ చెయ్యేసినాను. ఒక్కటీ వదల్లేదు బాబూ. మీలాగే శ్రద్ధున్న పిల్లలు."

మెచ్చుకోలు కోసం లింగన్న ఆగాడు.

"భయ్యా, ఇంకో లడ్డూ?" అని ఎవరో డబ్బా చాపారు. నూకరాజు వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఫోన్‌లో, "మంచిది లింగన్నా," అన్నాడు.