వరహాలరావు మైకు

పెదబయలు సంతలో వరహాలరావు కిరాణా కొట్టుకి బోర్డు లేదు, మైకు ఉంది. చోడవరం వైపు నుంచి ఉల్లిపాయల బస్తాలతో వచ్చి ఈ ఏజెన్సీ కొండల్లోనే స్థిరపడ్డ మనిషి. ఆయన ఉల్లిపాయలు ఓ మాదిరిగా ఉంటాయి గానీ గొంతు మాత్రం నిజంగా బావుంటుంది. ఆ సంగతి మనకంటే ఆయనకే బాగా తెలుసు.

కొండ మీది ఊళ్లలో సిగ్నల్ ఉండదు. అందుకని ఆసుపత్రిలోనైనా బ్యాంకులోనైనా ఫోన్ నంబరు అడిగితే జనం వరహాలరావు నంబరే ఇచ్చేవారు. వారమంతా వచ్చిన మెసేజీలను ఆయన సంతనాడు మైకులో వినిపించేవాడు. "సోమన్నా, నీ గ్యాసు బండ వచ్చిందట! బేగి ఎల్లు!" ఈ ఉద్యోగం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. మానమన్నా మానేవాడు కాదు.

ఒక సంతలో అదే ఊపులో, "అల్లం రాజులమ్మా! నీకు టీబీ అట! మందులు వచ్చినాయట, ఆసుపత్రికి ఎల్లు!" అనేశాడు. మేలే చేశాననుకున్నాడు. రాజులమ్మ అల్లం గంప దగ్గర ఉన్న జనం మెల్లగా పసుపు గంపల వైపు జరిగారు. ఆ రోజు ఆమె అల్లం ఒక్క ముక్క కూడా అమ్ముడుపోలేదు. పై వారం సంతకి ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఎందుకు రావడం లేదో ఎవరికైనా తెలుసా అని వరహాలరావు అడిగాడు. అదీ మైకులోనే.

పాడేరులో ఉద్యోగం చేసే కోడలు సౌజన్య ఇక ఊరుకోలేకపోయింది. "మావయ్యా, వ్యక్తిగత సమాచారానికి కొత్త చట్టం వచ్చింది. ఎవరి వివరాలు వాళ్లవి. ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే వాడాలి. వేరే పనికైతే ముందు వాళ్లని అడగాలి."

"నేనేటి, పెద్ద కంపెనీనా? ఉల్లిపాయలు అమ్ముకునేవోణ్ణి. ఆ సట్టం నన్నేటి సేత్తది?"

"మీకు వర్తిస్తుందో లేదో లాయర్ని అడగాలి. రాజులమ్మ గంపకి ఏమైందో మాత్రం మీరే చూశారు కదా."

వరహాలరావు ఆ పూట మైకు ముట్టుకోలేదు. జ్వరమేమోనని భార్య అప్పలనరసమ్మ నుదురు పట్టుకు చూసింది. జ్వరం కాదు, సిగ్గు.

అప్పటినుంచి ఒక్కొక్కరినీ బస్తాల వెనక్కి పిలిచి చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గుసగుస మూడు కొట్ల అవతలికి వినబడుతుంటే, చివరికి ఫోనే చేతికివ్వడం నేర్చుకున్నాడు. రాజులమ్మకు మందుల కబురు వస్తే మాత్రం తనే జీపెక్కి కొండకి వెళ్లేవాడు. ఆమె తలుపు తీసేది కాదు. బయటే నిలబడి చెప్పి దిగొచ్చేవాడు.

మందుల కోర్సు అయిపోయాక, ఒక సంతనాడు రాజులమ్మ అల్లం గంపతో దిగింది. వరహాలరావు పరుగున వెళ్లి ఆమె చెవి దగ్గర వంగాడు. "తల్లీ, పరీచ్చలో ఏటీ నేదట. మొత్తం తగ్గిపోనాదట."

"సెవిలో సెప్తన్నావేటి, సావుకారీ? మైకేదీ?"

"వద్దమ్మా. సట్టం ఒప్పుకోదు."

"ఆ రోజు నన్నడక్కుండా అరిసినావు. ఈ రోజు నేనే సెప్పమంతన్నాను. గట్టిగా సెప్పు."

ఆయన మైకు అందుకున్నాడు. అంత మంచి గొంతూ మొదటి మాటకే పూడుకుపోయింది. ఏం చెప్పాడో సంతలో ఎవరికీ అర్థం కాలేదు.

రాజులమ్మ గంప దించి, తీరిగ్గా కూర్చుంది.

"మళ్లీ సెప్పు సావుకారీ. పసుపు గంపల కాడికి ఇనబడనేదు."