కోడి మింగిన గోరు

నా చిన్నప్పుడు, తెలంగాణ లొల్లిల బళ్లు బందైన ఏడాది, జనగామల మా ఇంటి తలుపు సందుల పడి నా కుడిచేతి బొటనవేలు నలిగింది. గోరు నల్లబడి, కొన్నాళ్లకు ఊడి చేతికొచ్చింది. పాలపన్ను ఊడితే పేడల చుట్టి ఇంటి పెంకుల మీదికి ఇసిరేయాలె, అప్పుడే కొత్తది వస్తదని మా అవ్వ చెప్పేది. గోరుకు కూడా గంతే అనుకొని, నేనే పేడల పెట్టి ఇసిరేసిన. మా కోడిపెట్ట పెంకుల మీదికెక్కి, పేడను గీరి, గోరును గుటుక్కున మింగింది.

మా చిన్నబాపు చూసి పడిపడి నవ్విండు. "ఇగ నీకు కోడిగోరే మొలుస్తది పో!" అన్నడు. ఆయనకది నవ్వులాట. నాకేమో పానం పోయినంత పనైంది. కోడిగోరుతోని బువ్వ ఎట్ల తినాలె, బలపం ఎట్ల పట్టాలె? చెయ్యి లంగల దాచుకొని తిరిగిన. అన్నానికి పిలిచినా పోలె.

పక్కింటి అక్క నా వాలకం కనిపెట్టింది. వరంగల్ కాలేజీల చదివేది, అది కూడా మూతపడితే ఇంటికొచ్చి ఉండె. ఏడ్సుకుంట అంతా చెప్పిన. అక్క నవ్వలె. తుమ్మముండ్లు తెచ్చి, నా రెండో చేతి వేళ్ల కొనలు దాటేటట్టు దారంతోని కట్టి, చాటలకెళ్లి ఒక్క నువ్వుగింజ తియ్యమన్నది. ఎంత తిప్పలపడ్డా గింజ అందలె, ముల్లే ముందు తగులుతుండె. ముండ్లు విప్పినంక ఇట్టే దొరికింది.

"మీ చిన్నబాపు ఉల్టా చెప్పిండు. కోట్ల ఏండ్ల కింద మన పూర్వికులకే గిసొంటి వాడిగోర్లు ఉండె. చెట్ల మీద సన్నకొమ్మలు పట్టుకునే బతుకుల అవి తరతరానికి చదునైనయంటరు. అందుకే మన వేలికొన దేన్నైనా తాకి తెలుసుకుంటది" అన్నది. గోడ మీద ఒక కోతి తన పిల్లకు పేన్లు చూస్తుంటే అక్క చూపిచ్చింది. దాని చేతులకే కాదు, కాళ్లకు కూడా మన లెక్కనే గోర్లు. "గంత కాలం పట్టిన పని ఒక్క కోడితోని ఎనక్కి పోతదా, పిచ్చిదానా?"

అక్క నా బొటనవేలు ఎండకు పెట్టింది. గోరు మొదట్ల, తోలు అంచున, ఉల్లిపొర అసొంటిది తొంగి చూస్తుండె. చదునుగనే ఉంది! అబ్బ, గుండెల మీది బండ దిగినట్టయింది. ఆ పూట అడిగి అడిగి పెట్టించుకొని తిన్న.

ఆ గోరు మీద సన్నగీత ఇప్పటికీ ఉంది. ఏదన్న చేజారి పానం పరేషానైతే, పోయినదాని కోసం పెంకుల దిక్కు చూడను. బొటనవేలు ఎండకు పెట్టి, కొత్తగోరు తొంగి చూసిన ఆ మొదలు చూసుకుంట.