పంపరపనసకు గుచ్చిన లవంగాలు

ఒక పంపరపనసకాయ, గుప్పెడు లవంగాలు, నలభై నిమిషాల సమయం. ఈ మూడూ చేతికిస్తే, కోతపండుగనాడు చర్చి సంఘం మొత్తాన్ని నిండు విస్తళ్ల ముందు పస్తు కూర్చోబెట్టవచ్చు. గొప్ప చెప్పుకోవడం కాదు, చేసి చూపించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. విశాఖలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. హెచ్ఐవీ పైపొర మీద ఉండే జీపీ 120 అనే ప్రోటీను గురించి సెమినారు చెబితే మాస్టారు "పరవాలేదు" అన్నారు. దాంతో ఆ ప్రోటీనును కనిపెట్టింది నేనే అన్నంత ధీమాతో రాజోలు దగ్గర మా ఊళ్లో దిగాను.

ఆ ఏడు పండుగ విందుకు పలావు వండే పని మా పాస్టరు అయ్యగారు సంతోషమ్మ పిన్నికి అప్పగించారు. ఆవిడ మాకు చుట్టం కాదు, ఊరందరికీ పిన్ని. ఆవిడ పలావు దించితే మలికిపురం బస్సు మా స్టాపులో అర నిమిషం ఎక్కువ ఆగేదని చెప్పుకునేవారు. అయితే లారీ మీద పనిచేసే భర్త ఆ హెచ్ఐవీ జబ్బుతోనే పోయాడు. తనకూ ఉందని పరీక్షలో తేలింది. ఆ తర్వాత రెండేళ్లుగా ఆవిణ్ణి ఎవరూ గరిటె పట్టమనలేదు. విందులో ఆవిడ విస్తరి గోడవార, అందరికీ దూరంగా పడేది.

అయ్యగారు నన్ను పిలిపించారు. "బాబూ, ఆరాధన అయ్యాక లేచి, ఆవిడ చేతి వంట తింటే ఆ జబ్బు రాదని ఒక్కమాట చెప్పు. నేను చెబితే జాలితో చెప్పేననుకుంటారు. నువ్వు చెబితే సైన్సంటారు."

"ఒక్కమాటేంటండీ, పునాది నుంచి చెబుతాను."

"పునాదెందుకు నాయనా, తలుపు తీస్తే చాలు."

తలుపు తీయడం తాపీమేస్త్రీల పని కాదు కదా. ఆ సాయంత్రమే పన్నెండు అంశాల జాబితా రాశాను. మొదటిది వైరస్ నిర్మాణం. పన్నెండోది, కలిసి తింటే జబ్బు రాదు. ముఖ్యమైనది ఆఖర్న ఉండాలని నా సిద్ధాంతం. శుభం కార్డు ముందే వేస్తారా?

వైరస్ నమూనా కోసం పండుగ కానుకల్లో వచ్చిన పంపరపనస ఒకటి తీసుకున్నాను. దాని మీద ముళ్లకు లవంగాలు కావాలి. ఎవరినడిగానంటారా? సంతోషమ్మ పిన్నినే. నీ కోసమే పిన్నీ అంటే, వంటకు తెచ్చుకున్నవాటిలోంచి గుప్పెడు తీసి సంతోషంగా ఇచ్చింది.

మర్నాడు వేదిక దగ్గర నిలబడి మొదలుపెట్టాను. లవంగానికి కాడ ఉంటుంది, మీద మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గే జీపీ 120. మన రక్షణ కణానికి సీడీ4 అనే గొళ్లెం ఉంటుంది, మొగ్గ దాన్ని పట్టుకుంటే వైరస్‌కు లోపలికి దారి. జనం శ్రద్ధగా విన్నారు. కొందరు నిద్రపోయారు, అది మా సంఘంలో శ్రద్ధలో ఒక రకం.

అక్కడ ఆగితే అది నేనెందుకవుతాను? ఏడో అంశానికి ఒక్కొక్క మొగ్గే తుంచి కింద పడేస్తూ వివరించాను. ఈ మొగ్గ ఊడిపోయి విడిగా కూడా తిరుగుతుంది. వైరస్ సోకని కణాలను కూడా చెడగొడుతుంది. మెదడులో నరాల కణంలోకి వైరస్ దూరనక్కర్లేదు. చుట్టూ ఉన్న కాపలా కణాలను ఈ ముక్క రెచ్చగొడితే అవే విషం కక్కి నరాన్ని చంపుతాయి. ఫలితం: మతిమరుపు, తడబాటు, అరికాళ్ల మంటలు.

ముందు బెంచీలోంచి ఏలియా తాత లేచాడు. ఊళ్లో ఆయన తలూపనిదే ఏ పనీ కాదు. "అంటే బాబూ, పురుగు లేకపోయినా ఆ ముక్క చాలంటావా?"

"చాలండి," అన్నాను, తెలివైన ప్రశ్న వచ్చిందన్న ఆనందంతో.

"కంటికి కనబడుతుందా?"

"కనబడదండి."

"ఆయ్," అని కూర్చున్నాడు.

ఇదంతా జబ్బున్న మనిషి ఒంట్లోపల జరిగేదే తప్ప వంటలో కాదని తొమ్మిదో అంశంలో ఉంది. ఎనిమిదో అంశం మధ్యలో భోజనాల గంట కొట్టారు.

విస్తళ్లలో పలావు పడింది. ప్రతి విస్తరిలోనూ లవంగాలే. కొన్నిటికి మొగ్గలు కూడా ఊడిపోయాయి.

ఒకావిడకి ఉపవాసం గుర్తొచ్చింది. ఒకాయనకి రాజోలు బస్సు గుర్తొచ్చింది. ఏలియా తాత వేలు తగలకుండా అగ్గిపుల్లతో లవంగాలను విస్తరి అంచుకు నెడుతున్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే ఊరందరి మతీ పోయింది.

పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పరుగెత్తుకెళ్లి, వరసల మధ్య నిలబడి, వేడికి ప్రోటీను పాడైపోతుందండీ, ఉడికిస్తే ఏ భయమూ లేదండీ అని అరిచాను.

మరియమ్మ అత్త ఒక మెతుకు నలిపి చూసి, "కాస్త పలుకుగానే ఉంది," అంది. ఆమె కూర్చున్న వరస వరసంతా చేతులు వెనక్కి తీసుకుంది.

అప్పుడు పిన్ని నా దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "ఇంతకీ నువ్వు తిన్నావురా?"

ఒక చేతిలో జాబితా, ఇంకో చేతిలో పంపరపనస. "లేదు పిన్నీ, ఇంకా నాలుగున్నర అంశాలు..."

"కూర్చో."

కూర్చున్నాను. వడ్డించింది. తిన్నాను. ఊరు ఊరంతా నా నోట్లోకే చూస్తోంది. ధైర్యం చూపిద్దామని లవంగం ఒకటి కసుక్కున నమిలాను. కళ్ల నీళ్లు తిరిగాయి. "చూసేరా, నరాలకెక్కింది," అన్నారెవరో. మాట్లాడకుండా రెండోసారి పెట్టించుకున్నాను. మూడోసారికి ఏలియా తాత అగ్గిపుల్ల పక్కన పెట్టాడు.

"అబ్బాయ్, మీ నాన్న పేరేంటి?"

చెప్పాను.

"తాత పేరు?"

చెప్పాను.

"అరికాళ్లు?"

"చల్లగా ఉన్నాయండి."

"ఆయ్. ఇలా వడ్డించమ్మా సంతోషం. నీ విస్తరి కూడా ఇటు తెచ్చేసుకో, గోడతో ఏం మాట్లాడతావు."

తాత మొదటి ముద్ద పెట్టుకున్నాక ఉపవాసాలు విరమించబడ్డాయి. రాజోలు బస్సు ఆయన ఎక్కకుండానే వెళ్లిపోయింది. నేను పన్నెండో అంశం చదవడానికి లేచేసరికి పలావు అడుగంటింది. వినేవాళ్లెవరూ లేరు, అందరూ తింటున్నారు. పిన్ని మాత్రం పంపరపనస అడిగి తీసుకుని, మిగిలిన లవంగాలు ఒక్కొక్కటే పీకి కొంగున మూటగట్టుకుంది, క్రిస్మస్ పలావుకి పనికొస్తాయని.

కనుక ఆ లవంగాల సాక్షిగా, ఆ పంపరపనస సాక్షిగా నేను చేస్తున్న ప్రమాణాలు ఇవి. ఒకటి: ఎవరైనా ఒక్కమాట చెప్పమంటే ఆ ఒక్కమాటే చెబుతాను.

రెండు: రెండోది లేదు.