కమాన్లు, మూడు బస్తాల జొన్నలు

నాకు కార్ల మీద మోజు ఎన్నడూ లేదు. తుడిచిందే తుడుస్తూ కారు చుట్టూ తిరిగే మగవాళ్లను చూస్తే ఇప్పటికీ విసుగే. డెబ్బైల్లో నేను నాందేడ్‌లో కుట్టు మిషన్లు అమ్మేవాణ్ని. వారంలో మూడు నాలుగు రోజులు హిమాయత్‌నగర్, కిన్వట్ సంతలకు తిరగాల్సి వచ్చేది. బస్సు మీద వేస్తే స్టాండ్ల పోత ఇనుప కాళ్లు విరిగేవి. కండక్టర్లతో రోజూ పంచాయితీ. అది పడలేక ఒక పాత కారు కొన్నాను. అప్పటికే మూడు చేతులు మారిన బండి.

ఆరు మిషన్లు, ఆరు స్టాండ్లు ఎక్కించేసరికి దాని వెనక భాగం కుంగిపోయేది. ముందు దీపాలు చెట్ల కొమ్మల్ని చూసేవి. గుంటలో పడితే టైరు పైరేకుకు రాసుకుని రబ్బరు కాలిన వాసన కొట్టేది. “కూసున్న బర్రె లెక్కున్నది నీ కారు,” అనేది నా భార్య. కారు మీద నాకు మోజు లేకపోయినా ఆ మాట మాత్రం నచ్చలేదు.

దెగ్లూర్ నాకా దగ్గర లారీల కమాన్లు చేసే ముసలి మిస్త్రీ ఉండేవాడు. వెనక చక్రాల మీద వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయే, అవే కమాన్లు. నా బండివి విప్పి చూస్తే వంపు పోయి చదునైపోయాయి. ఆయన వాటిని కొలిమిలో పెట్టి మళ్లీ వంచాడు. ఒక్కోవైపు రెండేసి మందపాటి పట్టీలు అదనంగా వేశాడు. బిగించాక చేతులు తుడుచుకుంటూ, “ఖాలీ చలాయే తో మారేగీ, సేఠ్,” అన్నాడు. ఖాళీగా నడిపితే కొడుతుందని. నేను నవ్వాను. సరుకు లేకుండా నా బండి ఎక్కడికి పోతుంది?

ఆ తర్వాత ఆరు మిషన్లు వేసినా బండి తలెత్తకుండా, తొణక్కుండా పోయేది. ఖాళీగా వచ్చిన రోజున మాత్రం చిన్న రాయి తగిలినా నడుము అదిరేది. అమ్ముడుపోయింది కదా అన్న సంతోషంలో నేను దాన్ని లెక్క చేయలేదు.

ఆ ఏడు నా భార్య మూడోసారి గర్భవతి. మొదటి రెండూ ఐదో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి పోయాయి. ఈసారి ఏడో నెల రాగానే మా మామ వచ్చి ఆమెను పురిటికి వాళ్ల ఊరు సర్ఖని తీసుకుపోతానన్నాడు. పెద్దాసుపత్రి ఇక్కడుంటే ఆ అడవిలోకి ఎందుకని నేను అడ్డం తిరిగాను. “రెండుసార్లు మీ పట్నంలనే ఉండె గద. ఏమైంది మరి?” అన్నాడు మామ. పంపించాను. కానీ ఆ మాట నేను మరిచిపోలేదు.

మూడు వారాల తర్వాత కిన్వట్ సంతలో ఉండగా సర్ఖని నుంచి బస్సులో మనిషి వచ్చాడు. పొద్దున రక్తం కనబడిందట. బండి జోరుగా పోవాలని మిషన్లన్నీ తెలిసిన దర్జీ దుకాణంలో దించేసి ఖాళీ కారుతో బయల్దేరాను. ఆ దారిలో తెలిసింది మిస్త్రీ ఏం చెప్పాడో. ప్రతి గుంటకూ సీటు మీంచి ఎగిరాను. రెండుసార్లు తల పైకప్పుకు తగిలింది.

ఇంటికి చేరేసరికి ఊరి నర్సుబాయి అక్కడే ఉంది. “ఇప్పుడైతే ఆగింది. పండబెట్టి నాందేడ్ తీస్కపోండ్రి. కుదుపు తగల్నీయొద్దు. రైలు ఎక్కుడు, దిగుడు అసలే వద్దు,” అంది. నా భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. “నాకు భయమైతుంది,” అంది నన్ను చూడకుండానే.

నేను బయటికి వచ్చి మామతో అన్నాను. “మూడు బస్తాల జొన్నలు కావాలె. తొందరగ.”

ఆ మాట అలా అనకూడదు. ఇప్పుడు తెలుస్తోంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఏంది?”

“బండిల బరువుంటెనే మెత్తగ పోతది. ఖాళీగ పోతే కుదుపుతది.”

“బరువేస్తే బండి మెత్తగైతదా? నలబై ఏండ్ల సంది బండి కడుతున్న. నాకు చెప్తున్నవా?”

ఆయనది ఎడ్లబండి. దానికి కమాన్లుండవు. బరువేస్తే ఇరుసు మూలుగుతుందే తప్ప మెత్తబడదు. విడమరిచి చెప్తే వినేవాడేమో. నాకు కోపం వచ్చింది. “ఇస్తవా, ఇయ్యవా?” అన్నాను.

ఇచ్చాడు. తన భుజం మీదే మోసుకొచ్చి రెండు డిక్కీలో, ఒకటి వెనక సీటు ముందున్న సందులో పడేశాడు. మూడో బస్తా వేసేటప్పుడు, “బిడ్డ పానం పోతుంటే జొన్నలడిగే అల్లుణ్ని నేనెక్కడ సూడలే,” అన్నాడు. అరుగుల మీదున్న వాళ్లంతా విన్నారు.

నా భార్యను వెనక సీటులో పడుకోబెట్టి, తల అత్త ఒడిలో పెట్టాం. మామ నా పక్కన కూర్చున్నాడు. గుంటలు చూసుకుంటూ నెమ్మదిగా కిన్వట్, హిమాయత్‌నగర్, భోకర్ దాటాం. బండి గుంటలో దిగి, నిమ్మళంగా లేచేది. “ఎట్లున్నదే?” అని అత్త అడిగినప్పుడల్లా, “మంచిగనే ఉన్న,” అనేది నా భార్య. మామ దారంతా వెనక్కి తిరిగి కూతుర్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో ఆమెను మంచం దిగనీయకుండా ఉంచుకున్నారు. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. నేను ఇంటికి పోయి బస్తాలు దించుతుంటే మామ గుమ్మంలో నిలబడి, “నీ జొన్నలు నీకు ముట్టినయ్ గద,” అన్నాడు. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఐదు రోజుల తర్వాత కిన్వట్‌లో వదిలిన మిషన్లు తెచ్చుకోవాలి. పొలం పని ఉందని మామ కూడా బయల్దేరాడు. బస్తాలు తిరిగి వేస్తానంటే, “ఇచ్చినయి నేను మల్ల తీస్కపోను,” అన్నాడు. నా పక్కన కూర్చోవడం ఇష్టం లేక వెనక ఎక్కాడు. ఖాళీ బండి. భోకర్ దాటాక రోడ్డు సంగతి నాకు తెలుసు. నిజం చెప్పాలంటే నేను నెమ్మది చేయలేదు.

ఆయన తలపాగా పైకప్పుకు కొట్టుకుంది. తంబాకు డబ్బీ మూత ఊడి పొడి అంతా ధోవతి మీద పడింది. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు కానీ, ఆపమని అడగలేదు. కిన్వట్‌లో దిగి నడుము పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత డిక్కీ మీద అరచేయి పెట్టి గట్టిగా అదిమాడు. బండి కదల్లేదు. మళ్లీ అదిమాడు. నా వైపు చూసి, “ఆ దినం...” అని ఆగిపోయి, సర్ఖని బస్సు ఎక్కాడు. గెలిచినట్టు అనిపించాలి. ముసలాయన్ను అలా కుదిపి తెచ్చినందుకు సిగ్గనిపించింది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. సన్నగా ఉన్నా గట్టి గొంతు. వాళ్లమ్మ బాలింతగా ఉన్నన్నాళ్లూ సర్ఖనిలో ఉంచాం. మూడో నెలలో వాళ్లను తీసుకురావడానికి పోయాను. సంతలో సరుకంతా అమ్మేశాను, బండి ఖాళీ. జొన్నల మాట మళ్లీ ఎత్తడం ఇష్టం లేక, మోటు గోనెసంచుల్లో వాగు ఇసుక నింపుకుందామని దారి పొడవునా అనుకుంటూ పోయాను.

ఇంటి ముందు కారు ఆపేసరికి గడప పక్కన మూడు బస్తాలు నిలబెట్టి ఉన్నాయి, మూతులు కుట్టి. నేను దిగేలోపే మామ మొదటిది భుజానికెత్తుకున్నాడు. సాయం పట్టబోతే మోచేత్తో నెట్టాడు. అరుగుల మీదివాళ్లు ఆవేళ కూడా చూస్తున్నారు. మూడూ వేశాక డిక్కీ మీద అరచేయి పెట్టి అదిమాడు. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది.

“ఊకె బరువు గాదది, బరువుంటెనే ఈ బండి మెత్తగ పోతది,” అన్నాడు ఆయన, అరుగుల వైపు తిరిగి, అందరికీ వినబడేలా. తర్వాత నాతో, “ఇగ తల్లీబిడ్డలను ఎక్కియ్యి,” అన్నాడు.