పెద్దమ్మ చంద్రహారం, నా దొంగజేబు

ఆ రోజుల్లో నేను మనుషుల్నే కాదు, దారాన్ని కూడా నమ్మేదాన్ని కాదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నాకు అంత కాలం కూడా పట్టలేదు. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగం వచ్చి, నల్లగండ్లలో పెద్దమ్మ ఫ్లాట్‌లో దిగాను. పార్సిల్ తెచ్చిన అబ్బాయి "మేడం, ఓటీపీ" అంటే "మా ఓటీపీతో నీకేం పని నాయనా?" అని తలుపు సందులోంచి ఆరా తీసే మనిషి ఆవిడ. (సగం పార్సిళ్ళు వెనక్కి పోయేవి.) అలాంటి పెద్దమ్మకి విజయవాడ నుంచి పెళ్ళి పిలుపొచ్చింది. ఆవిడ చంద్రహారం ఏనాడో తాకట్టులో మునిగిపోయిందని ఆడపడుచు చుట్టాలందరికీ చాటింది. ఆ హారం మెళ్ళో వేసుకుని ఆడపడుచు ఎదుట నిలబడితే తప్ప పెద్దమ్మ పరువు దక్కదు. కానీ రైల్లో తీసుకెళ్ళడం ఎలా? సంచిని నమ్మదు, మెడని అసలే నమ్మదు. "లంగాకి దొంగజేబు కుట్టవే. దర్జీకి చెబితే దండోరా వేసినట్టే" అంది నాతో.

తిన్నగా కుట్టడం వచ్చు కదా, ఇదెంత అనుకుని ఫోన్లో వీడియో పెట్టుకుని మిషన్ ముందు కూర్చున్నాను. నడుము కింద చీలిక కోసి, చిన్న గుడ్డ సంచి మూతిని దాని అంచులకి కుట్టి, సంచిని ఆ చీలికలోంచి లోపలికి తిప్పి, జిప్పు వేయాలి. సరిగ్గా ఆ తిప్పే దగ్గరే వీడియోలో అమ్మాయి చెయ్యి అడ్డొచ్చేది. "కావాలనే దాస్తోంది" అన్నాను. "మరి? ఊరికే ఎవరు నేర్పుతారే?" అంది పెద్దమ్మ. మొదటిసారి లంగా ముందూ వెనకా కలిపి కుట్టేశాను. ఆవిడ కాలు సగంలో ఆగిపోయింది. రెండోసారి జేబు మూతి కిందికి తిరిగింది. పరీక్షకి వేసిన తాళంచెవి ఆవిడ బొటనవేలి మీద పడింది. "దొంగజేబంటే దొంగకి దొరకని జేబే, దొంగ చేతికి అందించే జేబు కాదు!" అని అరిచింది. ఇంతలో వాచ్‌మన్ భార్య వచ్చి "ఏం కుడుతున్రమ్మా, గిట్ల తలుపేసుకొని?" అంది. "దిండు గలీబు" అంది పెద్దమ్మ తడుముకోకుండా. "దిండుకు నాడా ఎందుకమ్మా?" అంది ఆమె, మిషన్ మీంచి వేలాడుతున్న లంగా బొందు చూసి.

మూడో లంగాకి జేబు కుదిరింది. ప్రయాణం నాడు హారం లోపల పెట్టి జిప్పు లాగాక, నాకు ఆ జిప్పు మీదే అనుమానం వచ్చింది. రెండు పేటల దారంతో దాని మీద ఒక వరస కుట్టాను. "ఇంకో వరస వెయ్యి" అంది పెద్దమ్మ. వేశాను.

మర్నాడు ముహూర్తం వేళకి ఫోన్ మోగింది. "ఒసేయ్, కుట్టు ఊడి రావడం లేదే! గోళ్ళు విరిగిపోతున్నాయి" అంది గుసగుసగా. "ఎవర్నైనా కత్తెర అడుగు పెద్దమ్మా" అన్నాను. "ఎందుకని అడగరూ? వెనకాలే గదిలోకి రారూ?" అని పెట్టేసింది. అడగలేదు. బోసి మెడతోనే పెళ్ళి చూసింది. ఆడపడుచు అదోలా నవ్వేసరికి ఇక ఉండబట్టలేక, ఆవిడ చెయ్యి లాగి తన నడుముకి ఆనించుకుని "తడిమి చూడు వదినా, హారం ఉందో లేదో!" అందట. ఆవిడ తీరిగ్గా తడిమి, "ఏమో వదినా, తాళాలగుత్తిలా ఉంది" అందట.

తిరిగొచ్చాక బ్లేడుతో నేనే విప్పాను. పెద్దమ్మ హారం వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడి, "కుట్టు మాత్రం గట్టిదేనే" అంది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు నా కుర్తాలన్నిటికీ జేబులు నేనే కుట్టుకుంటాను, చక్కగా కుదురుతాయి కూడా. కానీ జిప్పు వేసేటప్పుడల్లా ఆనాటి నాలోని పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. దొంగ చెయ్యి ఎటు నుంచి వస్తుందోనని అన్ని వైపులా ఆలోచించింది గానీ, పెద్దమ్మ చెయ్యి లోపలికి ఎలా వెళ్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు.