మడమ ఆనని అడుగులు

మా తమ్ముడు పోయిన కబురు నాకు చేపల కావడితో వచ్చింది. బరంపురంలో నేనుండే వీధి గుండా పొద్దున్నే మా ఊరి కావళ్లు వెళతాయి. రైలు దిగి భుజానికెత్తుకున్న కావడిని మావాళ్లు బజారులోనే దించుతారు. దారిలో భుజం మార్చుకుంటారే తప్ప నేలకు ఆనించరు. ఆవేళ దేవుడి దగ్గర ఒత్తి వేస్తుంటే మా గుమ్మంలో కావడి దించిన చప్పుడైంది. నా చెయ్యి ఆగింది.

"నీ తమ్ముడప్పా," అన్నాడు వచ్చినవాడు, మావాళ్లు అక్కని పిలిచే పిలుపుతో. "కర్ర దెబ్బ. తలకాయి పగిలిపోనాది."

దీపం వెలిగించి, దండం పెట్టుకుని, అతని వెంట బయలుదేరాను.

రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో మా ఊరు. వల ఒడ్డుకు చేరగానే చేప రైలు అందుకోవాలి. అందుకని మా కావడివాళ్లు నడవరు, పరుగెత్తుతారు. ఇసకలో మడమ ఆనితే కాలు దిగబడుతుంది. మునివేళ్ల మీదే పోవాలి. మా నాన్న ఆ విద్య తమ్ముడికి తాటిమట్టతో నేర్పాడు. మడమ ఆనినప్పుడల్లా మడమ మీదే కొట్టేవాడు. చర్మం చిట్లి నెత్తురు వచ్చేది. నేను పసుపు అద్దేదాన్ని.

"అప్పా, దేవుడు మడమలెందుకిచ్చేడే?"

"నిలబడ్డానికిరా."

"ఐతే నాకక్కర్లేదు," అనేవాడు.

మీసాలు వచ్చాక గోపాలపురం రేవులో ఓడెక్కి బర్మాలోని రంగం, అదే రంగూను, వెళ్లాడు. అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసే పని. పండగ రోజుల్లో ఆ ఊళ్లో పేటకీ పేటకీ మధ్య రోడ్డు మీద పరుగు పందేలు పెట్టేవారట. మా వాడు చేరకుండా ఉంటాడా! మొదటిసారి చేతులూపుకుంటూ పరుగెత్తి ఓడిపోయాడు. భుజం మీద బరువు లేకపోతే వాడికి ఒళ్లు ఒక పక్కకి ఒరిగిపోయేది. రెండోసారి కావడిబద్ద భుజాన వేసుకుని వచ్చాడు, తట్టల్లేకుండా ఉత్త బద్ద. రోడ్డుకి రెండు వైపులా జనం విరగబడి నవ్వారట.

"ఒరే, సేపలెక్కడరా?" అని మనవాళ్లే అరిచారట.

ఆ పందేలు మర్యాదగా ఉండేవి కావు. మోచేతులతో డొక్కలో పొడవడం, కాలు అడ్డం పెట్టడం, మురుగుకాలవలోకి తోసెయ్యడం. మా వాడికి అక్కడ రెండు పళ్లు పోయాయి. ఇత్తడి చెంబు ఒకటి వచ్చింది. ఆ చెంబుతోనే నేను ఇప్పటికీ తులసికి నీళ్లు పోస్తాను.

ప్రతి పందెంలోనూ వాడి పక్కన ఒక బర్మా వడ్రంగి పరుగెత్తేవాడట. ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు. "నన్ను ఓడించడానికే పుట్టేడప్పా ఆడు," అని మా తమ్ముడు ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు.

ఒక్క పందెం సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాడు, మా అరుగు మీద కూర్చుని, ఒకేసారి. మళ్లీ ఎత్తలేదు.

రేవులో పని దగ్గర మనవాళ్లకీ అక్కడివాళ్లకీ కొట్లాట రేగిన రోజులవి. కత్తులతో నరుక్కున్నారు. పందెం మొదలయ్యేటప్పటికి పరుగెత్తేవాళ్లకి ఆ కబురు ఇంకా అందలేదు. మా వాడు ముందున్నాడు. ఒక బర్మా పేటలోకి మలుపు తిరిగాడు. ఆ వీధివాళ్లకి కనిపించింది భుజాన కర్రతో ఉరికి వస్తున్న తెలుగువాడు. కత్తులు తీసుకుని ఎదురొచ్చారు. వెనకనుంచి ఎవరో బద్ద పట్టుకుని లాగారు. మా వాడు వెనుదిరిగి, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిస్తే వడ్రంగి.

కర్ర కనబడకపోతే బతుకుతాడని లాగాడు ఆయన. ఆ విరిగిన దవడతోనే మా వాణ్ణి మలుపు వెనక ఉన్న తన కొట్లోకి ఈడ్చి, పలకల కింద తోసి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. వీధివాళ్లు కత్తులతో గుమ్మం మీద కొడుతూ, కర్రవాడు ఎటు పోయాడని అడిగారు. ఆయన నోరు కదిపితే నెత్తురే వచ్చింది. ఆ నెత్తురు చూసి, తమవాడినే కొట్టి పారిపోయాడనుకుని ముందుకు పరుగెత్తారు.

"కర్ర సేతిలో ఉంటే, ఎనకాలొచ్చినోడు ఎవుడో నాకు తెల్లేదప్పా," అన్నాడు తమ్ముడు.

ఊరికి వచ్చాక వాడు కావడి ముట్టలేదు. చేపల తట్ట తల మీద పెట్టుకుని పరుగెత్తేవాడు. మా వైపు తల మీద మోసేది ఆడవాళ్లు. మగవాళ్లు ఊరుకుంటారా?

"ఏటి మరదలా, కోక కట్టడం మర్సిపోనావా?" అనేవారు.

"నువ్వు కొనలేదు కద బావా," అంటూ వాళ్లను దాటి పోయేవాడు. రైలుకి ముందు అందేది వాడి తట్టే.

మొన్న మా ఊళ్లోనే రెండు వీధులవాళ్లు వల దించే చోటు కోసం తగువు పడ్డారు. తెడ్లు, కర్రలు లేచాయి. ఒకడి చెవి తెగింది. ఇంకొకడి చెయ్యి విరిచారు. మా చిన్నాన్న కొడుకు కావడిబద్ద ఎత్తి, కింద పడినవాడి నెత్తిన వెయ్యబోతున్నాడు. మా తమ్ముడు దూరం నుంచి చూసి ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చాడు. వెనకనుంచి బద్ద పట్టుకుని లాగాడు. చిన్నాన్న కొడుకు వెనుదిరిగి కొట్టాడు.

నేను వెళ్లేసరికి మా పుట్టింటి ముందు మావాళ్లు కత్తిపీటలు పట్టుకుని ఉన్నారు. మునసబు గారు ఠాణాకి కబురు పంపి, చిన్నాన్న కొడుకుని ఊరి చావిట్లో పెట్టి తలుపు వేశారు. ఠాణావాళ్లు వచ్చి చూసి, తమ్ముడి శవాన్ని మాకు ఇచ్చారు. చిన్నాన్న కొడుకుని ఇంకా తీసుకెళ్లలేదు.

"నువ్వు పెద్దదానివి. ఊఁ అను సాలు," అన్నాడొక మేనల్లుడు. "ఆ తలుపు ఇరగ్గొట్టి ఆణ్ణి ముక్కలు సేసేస్తాం."

తమ్ముడి పాదాల దగ్గర కూర్చున్నాను. మడమల మీద ఆ పాత మచ్చలు అలాగే ఉన్నాయి. నారాయణ, నారాయణ అనుకున్నాను. నా నోట ఏ మాట వస్తుందో నాకే తెలియలేదు.

"ఆణ్ణి తీసుకురండి," అన్నాను. "పాడె మొయ్యాల."

"ఏటప్పా, సంపినోడు మొయ్యడమేటి!"

"ఎనకాలొచ్చినోడు ఎవుడో ఆడికి తెల్లేదు."

కత్తిపీటలు వెంటనే దిగలేదు. మేనల్లుడు నా కాళ్ల ముందు ఉమ్మి వెళ్లిపోయాడు. నేను లేచి వెళ్లి, మునసబు గారిని అడిగి, తలుపు నేనే తీశాను. వాడు నా ముఖం చూడలేదు. వచ్చి ముందు వైపు భుజం పెట్టాడు. శ్మశానం నుంచి తిన్నగా ఠాణావాళ్ల వెంట వెళ్లాడు.

ఆడవాళ్లం వీధి చివర ఆగిపోయాం. పాడె ఇసకలోకి దిగింది. మోసేవాళ్లు నలుగురూ కావడి పనివాళ్లే. బరువు భుజాన పడితే వాళ్లకు నడక రాదు. ఎవరూ చెప్పకుండానే పరుగు అందుకున్నారు. మా తమ్ముడు కూడా వాళ్లతో పరుగెత్తుతున్నట్టే పాడె ఊగుతూ సరుగుడు చెట్ల వెనక్కి వెళ్లిపోయింది.

ఇసకలో వాళ్ల అడుగులు మిగిలాయి. అన్నీ మునివేళ్లే, ఒక్క మడమ లేదు. వాటిలో ఏది ఎవరిదో నేను వెతకలేదు.